పేరు అడగని ఇల్లు

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఓ పాడుపడ్డ నుయ్యి ఉండేది. చిన్నప్పుడు సెలవులకి వెళితే మమ్మల్ని అటువైపు పోనిచ్చేవాళ్ళు కాదు. దయ్యం ఉందనేవారు. కాస్త పెద్దయ్యాక, ఓ మధ్యాహ్నం చింతపండులో పిక్కలు తీస్తూ అమ్మమ్మ అసలు సంగతి చెప్పింది. తను పుట్టకముందెప్పుడో, పదహారేళ్ళకే మొగుడు పోయిన ఓ పిల్ల అందులో దూకేసిందట. నెల తప్పిందని ఊళ్ళో గుసగుసలు మొదలైన వారానికే! ఆ పిల్ల పేరేమిటని అడిగితే అమ్మమ్మకి తెలీదు. ఎవరికీ తెలీదు. నుయ్యి మాత్రం అందరికీ గుర్తుంది. మరి ఆ మగవాడెవరని అడిగాను. పిక్క తీసి పక్కన పడేసి, అవన్నీ ఇప్పుడెందుకే అని కసిరింది.

చాలా ఏళ్ళ తర్వాత సావిత్రిబాయి ఫూలే జీవితం చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. అక్కడా ఓ నుయ్యి ఉంది. అక్కడా ఓ వితంతువు ఉంది. కాకపోతే ఆ కథ నూతి దగ్గర ఆగిపోలేదు.

సావిత్రిబాయి అనగానే మనకి పలకా, బలపం, బడికి వెళ్ళే ఆడపిల్లలూ గుర్తొస్తారు. ఆవిడ పుట్టినరోజైన జనవరి 3ని తెలంగాణలో మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా 2025లో ప్రకటించారు కూడా. కానీ ఆవిడ తెరిచిన తలుపు బడి తలుపు ఒక్కటే కాదు. రెండో తలుపు గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. బహుశా ఆ మాటలు మనకి ఇప్పటికీ ఇబ్బందిగా ఉండటం వల్లేనేమో!

తొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు

సావిత్రిబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలోని సతారా ప్రాంతంలో, నాయ్‌గావ్ అనే పల్లెటూళ్ళో పుట్టింది. తండ్రి ఖండోజీ నెవసే ఆ ఊరి పాటిల్. 1840లో, తొమ్మిదేళ్ళ వయసులో పుణెకి చెందిన జ్యోతిరావు ఫూలేతో పెళ్ళయింది. పెళ్ళికొడుక్కి పదమూడేళ్ళు. అప్పటికి ఆ పిల్లకి అక్షరమ్ముక్క రాదు. వాళ్ళది పూలతోటలు పెంచుకునే మాలీ కుటుంబం. చదువు తమకి రాసిపెట్టి లేదని నమ్మించిన కులంలో పుట్టిన మనిషి జ్యోతిరావు. తను చదువుకున్నాక ఆ చదువుని ముందు ఇంట్లోకే తెచ్చాడు. భార్యకి తనే అక్షరాలు దిద్దించాడు. ఆ తర్వాత ఆవిడ అహ్మద్‌నగర్‌లోనూ, పుణెలోనూ ఉపాధ్యాయ శిక్షణ తీసుకుంది.

1848లో పుణెలోని భిడే వాడాలో ఇద్దరూ కలిసి ఆడపిల్లలకి బడి పెట్టారు. పాఠం చెప్పే పంతులమ్మకి పదిహేడేళ్ళు! ఆడది చదివితే కాపురాలు కూలిపోతాయని గట్టిగా నమ్మే రోజులవి. బడికి వెళ్ళే దారిలో ఆవిడ మీద పేడా, బురదా విసిరేవారు. అందుకని సంచీలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేది. బడికి చేరాక పాడైన చీర మార్చుకుని పాఠం మొదలుపెట్టేది. సాయంత్రం మళ్ళీ ఆ మురికి చీరే కట్టుకుని ఇంటికి!

ఊరి మాట ఇంట్లోకీ వచ్చింది. జనం ఒత్తిడి తట్టుకోలేక 1849లో మామగారు గోవిందరావు కొడుకునీ కోడల్నీ ఇంట్లోంచి పంపించేశాడు. ఆయన దుర్మార్గుడేమీ కాడు. నలుగురూ ఏమంటారో అన్న భయం, అంతే! సావిత్రిబాయి జీవితమంతా యుద్ధం చేసింది ఈ నలుగురితోనే. మిత్రుడు ఉస్మాన్ షేక్ ఇంట్లో ఆ దంపతులు తలదాచుకున్నారు. బడి మాత్రం ఆగలేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి మూడు బడులయ్యాయి. 1854లో ఆవిడ కవితల పుస్తకం కావ్యఫూలే అచ్చయింది.

కాశీబాయి ఏం చేసింది?

జ్యోతిరావు స్నేహితుడొకరి ఇంట్లో కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు వంట చేసేది. వయసులో ఉన్న పిల్ల. ఆ చుట్టుపక్కలకి వచ్చిపోయే ఓ శాస్త్రిగారు ఆవిడ వెంటపడ్డాడు. చివరికి ఆవిడ గర్భవతి అయింది. శాస్త్రిగారు మొహం చాటేశాడు.

ఆ కాలంలో వితంతువు అంటే ఏమిటో మనకి తెలియనిది కాదు. జుట్టు తీయించేస్తారు. ఒంటిపూట భోజనం, ముతకబట్ట. శుభకార్యాలకి ఎదురుపడకూడదు. 1856లోనే వితంతు వివాహాలకి చట్టం వచ్చింది. అయితే ఏం లాభం? చట్టం ఒప్పుకున్నా ఇంట్లో ఒప్పుకోవాలిగా! పెళ్ళి చేసుకోనివ్వరు. కడుపు వస్తే బతకనివ్వరు.

కాశీబాయి తనకి తెలిసిన మందులన్నీ మింగింది. కడుపు పోలేదు. తొమ్మిది నెలలూ ఎలా దాచుకుందో ఏమో! మగపిల్లవాడు పుట్టాడు. వాణ్ణి దాచే చోటు లేదు. తన చేతుల్తోనే చంపి ఇంటి వెనక నూతిలో పడేసింది. రెండు రోజుల తర్వాత శవం బయటపడింది. పోలీసులొచ్చారు. పుణె సెషన్స్ కోర్టు ఆవిడకి యావజ్జీవ ప్రవాస శిక్ష వేసి అండమాన్‌కి పంపించింది.

శాస్త్రిగారికి ఏ శిక్షా పడినట్టు ఆ కథలో లేదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. భారత శిక్షాస్మృతి 1860లో తయారై, 1862 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 312వ సెక్షన్ ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప మరెందుకు గర్భస్రావం చేసినా నేరమే. తనంతట తను చేసుకున్న ఆడదీ నేరస్తురాలే! అంటే కడుపు ఉంచుకుంటే కులం వెలేస్తుంది, తీయించుకుంటే సర్కారు శిక్షిస్తుంది, కని చంపితే ద్వీపాంతరం. ఇన్ని దారులు మూసేసి, ఆ పిల్ల ఎటు పోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

గోడల మీద కాగితాలు

కాశీబాయి గురించి ఊరంతా చెవులు కొరుక్కుంది. పాపిష్ఠిదన్నారు, కలికాలమన్నారు. ఫూలే దంపతులు అలా అని ఊరుకోలేకపోయారు. ఆ పిల్లకి బిడ్డని కనడానికి నాలుగు గోడలు దొరికి ఉంటే ఆ బిడ్డా బతికేవాడు, ఆవిడా బతికేదని వాళ్ళకి అనిపించింది. 1863లో పుణె గంజ్‌పేటలోని తమ ఇంటి ఆవరణలోనే బాలహత్యా ప్రతిబంధక గృహం పెట్టారు. పుట్టిన పిల్లల్ని చంపకుండా ఆపే ఇల్లన్నమాట.

అచ్చువేయించిన ప్రకటనలు బ్రాహ్మణ వీధుల మూలమలుపుల్లో గోడల మీద అంటించారు. గర్భవతులైన వితంతువులు ఎవరైనా ఇక్కడికి వచ్చి రహస్యంగా పురుడు పోసుకోవచ్చు, బిడ్డని తీసుకెళ్ళినా సరే, వదిలి వెళ్ళినా సరే, మేం పెంచుతాం అన్నది అందులోని సారాంశం.

ఆ కాగితం చదివిన వాళ్ళు ఏమనుంటారో ఊహించుకోవచ్చు. తప్పుడు పనులకి తలుపులు తెరిచారంటారు, ఆడవాళ్ళకి భయం పోతుందంటారు. ఇలాంటి మాటలు ఇప్పుడు కూడా వింటూనే ఉన్నాం కదా! అసలు బిడ్డలు చచ్చిపోకూడదని పెట్టిన ఇల్లది. బిడ్డని చంపడం పాపమనే పెద్దమనుషులు సంతోషించాలి నిజానికి. కానీ వాళ్ళ బాధ బిడ్డ గురించి కాదు. పరువు గురించి.

ప్రకటన అంటించడం ఒక పూట పని. ఆ ఇంటిని నడపడం మాత్రం ఏళ్ళ తరబడి పని. అది సావిత్రిబాయి భుజాన పడింది. అర్ధరాత్రి ముసుగేసుకుని వచ్చే పిల్లకి తలుపు తియ్యాలి. నొప్పులు పడుతుంటే పక్కన ఉండాలి. పథ్యం పెట్టాలి, బిడ్డకి స్నానం పోయాలి, పాలు పట్టాలి. ఆవిడకి సొంత పిల్లలు లేరు. పురిటిగది సంగతులన్నీ పరాయి ఆడపిల్లల దగ్గరే నేర్చుకుంది. వచ్చినవాళ్ళు చాలామంది ఆవిడ మీద బురద జల్లిన వీధుల్లోంచి, ఆవిడని ఇంటి గుమ్మం కూడా ఎక్కనివ్వని కులంలోంచి వచ్చినవాళ్ళే. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు.

ఇదంతా చదువుతుంటే మన రాజ్యలక్ష్మమ్మగారు గుర్తొచ్చారు నాకు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ మానేస్తే, వండి వార్చిందీ నీళ్ళు మోసిందీ ఆవిడే. సంస్కరణ అనేది ఉపన్యాసాలతో మొదలైనా, చివరికి ఓ ఆడమనిషి నడుం నొప్పి మీద నిలబడుతుంది.

ఊరి చివర ఓ జంట

1868లో సావిత్రిబాయి పుట్టింటికి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఆగస్టు 29న భర్తకి రాసిన ఉత్తరంలో ఓ సంఘటన ఉంది. గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు ఊరూరా తిరిగి పంచాంగం చెప్పుకునేవాడు. శారజ అనే మహార్ కులం అమ్మాయితో ప్రేమలో పడ్డాడు. ఆ పిల్లకి ఆరో నెల. సంగతి తెలిసి ఊరు ఊరంతా విరుచుకుపడింది. ఇద్దర్నీ కొడుతూ, వీధుల్లో ఊరేగిస్తూ చంపడానికి తీసుకెళ్తున్నారు.

సావిత్రిబాయి పరుగెత్తుకెళ్ళి అడ్డంపడింది. మనుషుల్ని చంపితే ఇంగ్లీషు వాళ్ళ చట్టం ఏం చేస్తుందో చెప్పి భయపెట్టింది. జనం కాస్త వెనక్కి తగ్గారు. ఇద్దరూ ఊరు విడిచి పోవాలన్న షరతు మీద వదిలిపెట్టారు. ఆ జంటని ఆవిడ పుణెకి, జ్యోతిరావు దగ్గరకి పంపించేసింది.

నాకు ఇందులో ఒక విషయం బాగా నచ్చింది. ఆ గుంపుతో ఆవిడ ధర్మాధర్మాల వాదన పెట్టుకోలేదు. ముందు ఆ పిల్లని బతికించింది. వాదనలు తర్వాత చేసుకోవచ్చు. కడుపుతో ఉన్న పిల్ల రోడ్డు మీద దెబ్బలు తింటుంటే తీర్పు చెప్పే సమయం కాదది.

యశ్వంత్

1874లో ఆ ఇంటికి వచ్చిన వితంతువుకి ఓ కొడుకు పుట్టాడు. ఆ తల్లి పేరూ కాశీబాయే. అండమాన్‌కి వెళ్ళిన కాశీబాయి వేరు. సావిత్రిబాయి దంపతులు ఆ బిడ్డని దత్తత తీసుకుని యశ్వంత్ అని పేరు పెట్టారు. వితంతువుల బిడ్డల్ని ఆదరించండి అని ఊరికి చెప్పడంతో సరిపెట్టుకోకుండా తమ ఇంటి పేరే ఇచ్చారు! వాణ్ణి చదివించి డాక్టర్ని చేశారు. అయినా వితంతువు కొడుకన్న మాట వాణ్ణి వదల్లేదు. పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి 1889లో, సత్యశోధక సమాజంలో సహచరుడైన జ్ఞానోబా ససాణే కూతురితో పెళ్ళయింది.

ముప్ఫై అయిదులో ముప్ఫై

1884లో బొంబాయి పాత్రికేయుడు బెహ్రామ్‌జీ మలబారీ బాల్యవివాహాల మీదా, బలవంతపు వైధవ్యం మీదా చర్య తీసుకోమని ప్రభుత్వానికి రాశాడు. ప్రభుత్వం దేశంలోని పెద్దల అభిప్రాయాలు అడిగింది. జ్యోతిరావు కూడా డిసెంబరులో తన అభిప్రాయం రాసి పంపాడు. కాశీబాయి కథ మనకి తెలిసింది ఆ కాగితాల వల్లే. తమ ఇంటి లెక్క కూడా అందులోనే చెప్పాడు.

ఆ ఇల్లు మొదలైనప్పటినుంచి అప్పటివరకూ వచ్చి పురుడు పోసుకున్న వితంతువులు 35 మంది. బతికి ఉన్న పిల్లలు అయిదుగురు. మిగిలిన 30 మంది చనిపోయారు. కారణం? కడుపు దాచుకోవడానికి తల్లులు ముందే మింగిన విషపు మందులు.

ఈ లెక్క దగ్గర నేను చాలాసేపు కూర్చుండిపోయాను. తలుపు తెరిచే ఉంది. గోడ మీద కాగితమూ ఉంది. అయినా ఆ పిల్లలు ముందు మందు దగ్గరకే వెళ్ళారు. అదీ ఫలించనప్పుడు, ఇక ఏ దారీ లేదనుకున్నప్పుడు మాత్రమే ఈ గడప తొక్కారు. సిగ్గు వాళ్ళని అంతకాలం ఆపేసింది. ఆ ముప్ఫై మంది పసివాళ్ళని తల్లులు చంపారందామా, మందు చంపిందందామా, తల్లులు నోరు విప్పకుండా చేసిన వీధి చంపిందందామా?

మరి ప్రభుత్వం ఏం చేసింది? చాలామంది పెద్దలు మా ఆచారాల్లో వేలు పెట్టొద్దన్నారు. 1886లో సర్కారు ఇది సంఘం తనంతట తను దిద్దుకోవాల్సిన విషయమని చట్టం చెయ్యకుండా తప్పుకుంది. అభిప్రాయాలు చెప్పిన వాళ్ళలో దాదాపు అందరూ మగవాళ్ళే. ఆ 35 మందిలో ఒక్కరి అభిప్రాయమూ ఆ ఫైళ్ళలోకి వెళ్ళలేదు. వెళ్ళడానికి వాళ్ళకి పేరు చెప్పుకునే వీలే లేదాయె!

చివరి రోజులు

1890 నవంబరు 28న జ్యోతిరావు పోయాడు. దత్తుడికి కర్మకాండ చేసే హక్కు లేదని బంధువులు అడ్డుపడ్డారు. సావిత్రిబాయి తనే నిప్పుకుండ పట్టుకుని శవం ముందు నడిచింది, తనే చితికి నిప్పు పెట్టింది. వితంతువు ఎదురుపడితేనే అపశకునమనే ఊళ్ళో, వితంతువైన తొలి రోజునే! 1893లో సాస్వడ్‌లో జరిగిన సత్యశోధక సమాజ మహాసభకి అధ్యక్షత వహించింది.

1897లో పుణెకి ప్లేగు వచ్చింది. ఊరి బయట యశ్వంత్ వైద్యశాల పెట్టాడు. ముండ్వాలో ఓ దళిత కుర్రాడికి ప్లేగు సోకిందని తెలిసి అరవై ఆరేళ్ళ సావిత్రిబాయి అక్కడికి వెళ్ళి, వాణ్ణి వీపు మీద మోసుకుని వైద్యశాలకి తెచ్చింది. ఆ జబ్బే ఆవిడకీ అంటుకుంది. మార్చి 10న కన్నుమూసింది.

మన సంగతి

ఆ తర్వాత కూడా 312వ సెక్షన్ అలాగే ఉంది. దొంగచాటు గర్భస్రావాల్లో ఎంతోమంది పోతున్నారని 1964లో శాంతిలాల్ షా కమిటీని వేశారు. 1966లో నివేదిక వచ్చింది. 1971లో చట్టమై, 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అర్హత ఉన్న డాక్టరు, కొన్ని కారణాలకి, గర్భం తీయడానికి వీలు కల్పించింది. అయితే కుటుంబ నియంత్రణ సాధనం విఫలమైందన్న కారణం పెళ్ళైనవాళ్ళకే రాశారు. పెళ్ళికాని పిల్ల సంగతి కాగితం మీద రాయడానికి కూడా మనవాళ్ళకి సిగ్గేసింది కాబోలు! 2021 సవరణలో భర్త అన్న చోట భాగస్వామి అని మార్చారు. కొన్ని పరిస్థితుల్లో గడువు 20 వారాల నుంచి 24 వారాలకి పెంచారు. పేరు బయటపెట్టిన డాక్టరుకి శిక్ష ఉందన్నారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆ 24 వారాల విషయంలో పెళ్ళైనవాళ్ళనీ కానివాళ్ళనీ వేరుగా చూడకూడదని తీర్పిచ్చింది. ఆ చట్టం పరిధిలో లేని గర్భస్రావం మాత్రం ఇప్పటికీ నేరమే. 2024 జూలై నుంచి కొత్త శిక్షాస్మృతిలో అది 88వ సెక్షన్.

కాగితం మీద దారి ఉంది. కానీ కాళ్ళు కదలాలిగా! కొన్నాళ్ళ క్రితం మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి, డిగ్రీ చదువుతున్న పిల్ల, ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగింది. రక్తం ఆగక స్పృహ తప్పితే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కాగితం నింపేవాళ్ళు అందరిలోనూ గట్టిగా భర్త పేరు అడిగారట. దేవుడి దయవల్ల పిల్ల బతికింది. ఆ సంగతి విన్నప్పుడు నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెళ్ళి కాలేదు కదా, ఎవడు వాడు అని! పిల్ల ఎలా ఉందన్నది తర్వాత వచ్చింది. వీరేశలింగంగారినీ, సావిత్రిబాయినీ చదివిన నాకే!

గర్భస్రావం తప్పా ఒప్పా అన్నదాని మీద ఎవరి నమ్మకం వాళ్ళకి ఉంటుంది. కడుపులో బిడ్డ కూడా ప్రాణమే అనేవాళ్ళని నేను కాదనను. సావిత్రిబాయి కూడా ఆ ఇల్లు పెట్టింది పిల్లల ప్రాణం నిలబెట్టడానికే. కానీ నమ్మకం వేరు, వెలివెయ్యడం వేరు. పాపం పాపం అని కేకలేసిన ఊరే ఆ ముప్ఫై మంది చేత మందు మింగించింది. పేరు అడగని ఇల్లే ఆ అయిదుగురు పిల్లల్ని బతికించింది.

పుణె గంజ్‌పేటలో ఆ ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది. అంత దూరం వెళ్ళి దణ్ణం పెట్టుకుంటే మంచిదే. అంతకంటే ముందు మన ఇంటి సంగతి చూసుకోవాలి. రేపు మన పిల్లో, పక్కింటి పిల్లో, పనికొచ్చే పిల్లో ఇలాంటి కష్టంలో పడితే, మందుల షాపుకి వెళ్ళేముందు మన దగ్గరకి రాగలదా? వస్తే మనం మొదట అడిగే ప్రశ్న ఏమిటి?